సత్తు బండికి తలంటు

సౌదీలోని ఖోబర్‌లో దిగిన రోజున మా ఆయన నాకు ముందు చూపించింది ఇల్లు కాదు. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చి గేటు తియ్యగానే, నా పెట్టె ఇంకా చేతిలో ఉండగానే, "ఇలా రా, నీకొకటి చూపించాలి" అంటూ ప్రహరీ వెంట పక్కకి తీసుకెళ్ళారు. అక్కడ చక్రాల మీద ఒక ఇల్లు నిలబడి ఉంది. కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరగడానికి అమెరికావాళ్ళు వాడే ట్రెయిలరు అది. ఏనాటిదో, బాగా పాతది. లోపల మంచం, మడతబల్ల, చిన్న సింకు, గ్యాస్ పొయ్యి ఉన్నాయి. బయటంతా అల్యూమినియం రేకు, మూలలన్నీ గుండ్రం, రేకూ రేకూ కలిసేచోట కుట్టుకుట్టినట్టు వరసగా రివెట్లు. మా గోదావరి వైపు అల్యూమినియాన్ని సత్తు అంటాం. పెళ్ళిళ్ళలో అన్నం వండే సత్తు డేగిసాని బోర్లించి చక్రాలు తగిలించినట్టు ఉంది ఆ బండి.

"ఎలా ఉంది?" అన్నారు, మొహం చాటంత చేసుకుని.

"మసిపట్టి ఉంది," అన్నాను. "ఇల్లెక్కడ?"

తా వలచింది రంభ, తా మునిగింది గంగ అని పెద్దలు ఊరికే అనలేదు. ఆయన కంటికి అది రంభే. నా కంటికి పాతసామాన్లవాడు కూడా తూకం వెయ్యడానికి వెనకాడే సరుకు. రేకు మీద ఎప్పుడో వేసిన లక్కలాంటి పూత ఎండకి పచ్చబడి, పొరలు పొరలుగా ఊడి వేలాడుతోంది. పూత పోయినచోట సముద్రపుగాలి కొట్టి తెల్లటి బొల్లిమచ్చలు. ఇక పైకప్పు దగ్గరైతే పావురాలు తమ వంతు కూడా వేశాయి.

మాకు అప్పటికి పెళ్ళయి నాలుగేళ్ళు. అందులో కలిసున్నది ఆయన సెలవు మీద వచ్చిన కొద్ది వారాలే. నాకు పెళ్ళికి ముందే డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. రాజమండ్రి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఆయన పెట్రోకెమికల్ ప్లాంట్లలో పైపులకీ ట్యాంకులకీ తుప్పుపట్టకుండా వేసే పూతలు సరిగా పడ్డాయో లేదో చూసే ఇంజనీరు. అక్కడ ఉండనిచ్చే పర్మిట్టుని ఇకామా అంటారు. దాంట్లో ఆయన వృత్తి మొదట్లో ఇంకేదో రాసి ఉండటంతో కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేకపోయింది. అది ఇంజనీరుగా మారగానే విజిట్ వీసా తీసి నన్ను రప్పించారు. నేనూ వేసవి సెలవులకి జీతంలేని సెలవు కలుపుకుని బయల్దేరాను.

ఇక తేలాల్సింది ఒక్కటే. వీసా గడువు అయిపోయాక నేను వెనక్కెళ్ళి బళ్ళో చేరాలా, ఉద్యోగం సంగతి పక్కనపెట్టి పర్మినెంటు వీసా మీద ఆయన దగ్గరే ఉండిపోవాలా. దీని మీద మా అమ్మకి ఒక అభిప్రాయం ఉంది, మా అత్తగారికి ఇంకొకటి ఉంది, మా హెడ్మాస్టరుకి, రిక్షా అతనికి, పక్కింటి పిన్నిగారికి, అందరికీ ఉన్నాయి. నోరు విప్పనిది మా ఆయన ఒక్కరే. నేనైనా నా అంతట నేను అడగకూడదని పట్టుబట్టి వచ్చాను. ఉండమని ఆయన అంటే ఆలోచిద్దాం, అనకపోతే ఏ విమానంలో వచ్చానో ఆ విమానంలోనే పోదాం అనుకున్నాను. నా మొండితనం మా వంశంలో అందరికీ తెలుసు.

ఆయన మాట్లాడకపోవడానికి ఇప్పుడైతే ఒక కారణం తోస్తుంది. మా కాపురమంతా ఫోను కార్డుల మీద నడిచింది. నంబరు నొక్కగానే ఒకావిడ ఇంకా ఎన్ని నిమిషాలున్నాయో చెప్పేది. అంతే, ఇద్దరికీ కంగారు మొదలు. బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను, గ్యాసు వచ్చిందా, వచ్చింది. మనసులో మాట అనేది తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పేది, దానికి ఆ కార్డులో చోటుండేది కాదు. ఏళ్ళ తరబడి అవసరమైనవే మాట్లాడి మాట్లాడి, ఎదురుగా కూర్చున్నాక కూడా మేమిద్దరం కార్డు అయిపోతున్నట్టే మాట్లాడుకునేవాళ్ళం. దానికి తోడు ఆయన పుట్టుకతోనే నోట్లో నాలుక లేని మనిషి. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్న సామెతలో మొదటి సగం ఆయన కోసమే పుట్టింది. రెండో సగం అక్కర్లేదు, జుట్టు ఒత్తుగానే ఉండేది.

మా ఇల్లు అల్ అజీజియా అనే పేటలో ఒక విల్లా కింది వాటా. పై వాటాలో హైదరాబాదీ కుటుంబం ఉండేది. ఆ ఇంటాయన ఒక ఫర్నిచర్ కంపెనీలో సేల్స్ మేనేజరు. మాటల పుట్ట. మా ఆయన మాట్లాడకుండా మిగిల్చిన మాటలన్నీ ఆయనే మాట్లాడేసేవాడు. ట్రెయిలరు కథ కూడా నాకు ఆయన దగ్గరే తెలిసింది. మా ఆయనతో పనిచేసే అమెరికన్ ఒకాయన రిటైరై వెళ్ళిపోతూ, తుక్కుకి వెయ్యడానికి మనసొప్పక, దీన్ని మా ఆయనకి ఇచ్చేశాడట.

"నేనే నా పికప్‌కి తగిలించి గుంజుకొచ్చిన భాభీ," అన్నాడు మెట్ల మీంచి. "తొవ్వ పొడుగూతా పోరగాళ్ళు ఫొటోలు తీసుడే. గీ సిల్వర్ డబ్బా మీద సాబ్‌కి ఏం మొహబ్బత్ పుట్టిందో ఖుదాకే తెల్వాలె."

నాకు మాత్రం ఒళ్ళు మండింది. పొద్దున్నే చీకటితో డ్యూటీకి వెళ్ళిన మనిషి సాయంత్రం ఎండ తగ్గాక వస్తారు. టీ తాగుతారు. తాగిన గ్లాసు సింకులో పెట్టి, పాత లుంగీ కట్టుకుని బండి దగ్గరికి పోతారు. గురు, శుక్రవారాలు సెలవు. ఆ రెండు రోజులు తెల్లారకముందే మొదలు. నేను సముద్రాలు దాటి వచ్చి వంటింటి కిటికీలోంచి మొగుడు సత్తు గీకుతుంటే చూస్తూ కూర్చున్నాను. బయటికి వెళ్దామంటే అప్పట్లో అక్కడ ఆడవాళ్ళు కారు నడిపే వీల్లేదు, ఆయన తోడు లేకుండా అడుగు పడదు. సవతి ఉంటే జుట్టు పట్టుకుని దెబ్బలాడొచ్చు. రేకుల డబ్బాతో ఏం దెబ్బలాడతాం?

అయినా చూస్తూ చూస్తూ ఆ పని పోకడ నాకు పట్టుబడింది. ముందు జిగటమందు ఒకటి కుంచెతో పూసేవారు. కాసేపటికి పాత పూత పాలమీగడలా ముడుచుకుని లేచేది. దాన్ని ప్లాస్టిక్ చెక్కతో మెల్లిగా నెట్టేవారు. ఇనుము తగలనిచ్చేవారు కాదు. తర్వాత కడగడం. అక్కడ కుళాయిలో వచ్చేది ఉప్పునీరు, తాగడానికీ వండటానికీ తీపినీళ్ళు కేన్లలో తెచ్చుకోవాలి. మొదటిసారి ఆయన కుళాయి నీళ్ళతో కడిగి ఆరనిచ్చేసరికి రేకంతా తెల్లటి చారలు తేలింది. మర్నాటి నుంచి ఇంట్లో పప్పు ఉడకడానికి ఉంచిన తీపినీళ్ళు బండికి పోయడం మొదలుపెట్టారు. దీనికి నేను గిన్నెలు గట్టిగా పెట్టి నా అభిప్రాయం తెలియజేశాను.

ఆ తర్వాతది అసలు పని. గొర్రెబొచ్చు చక్రం ఉన్న మిషను పట్టుకుని, పాలిష్ ముద్ద అద్ది, రేకు పొడుగునా వెళ్ళి, అడ్డంగా వచ్చి, మళ్ళీ పొడుగునా వెళ్ళేవారు. రేకు మీంచి నల్లటి గుజ్జు వచ్చేది. ఎంత రుద్దితే అంత నలుపు. పాత నూలుగుడ్డతో తుడిస్తే ఆ నలుపు కింద తళుక్కుమని రేకు. రివెట్ల చుట్టూ మాత్రం మిషను పోదు, అక్కడ గుడ్డ చుట్టిన వేలితో ఒక్కో రివెట్టునీ విడివిడిగా రుద్దాలి. చిన్నపిల్లల చెవుల వెనక తుడిచినంత ఓపిగ్గా తుడిచేవారు. నల్లటి చేతులతో, ముక్కు మీద మసితో లోపలికొచ్చి, "ఇవాళ కిటికీ దాకా వచ్చింది" అనేవారు. దానికి నేను "పప్పు చల్లారిపోయింది" అనేదాన్ని.

ఒక గురువారం సాయంత్రం ఎండ వాలాక బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్ళాను. బండికి ఒక పక్కంతా పూర్తయింది. నేనలాగే నిలబడిపోయాను. సాయంకాలపు ఆకాశం రంగంతా ఆ రేకులో ఉంది. తీగ మీద ఆరేసిన నా చీరల రంగులు దాంట్లో వంకరపోయి, సాగిపోయి కదులుతున్నాయి. మధ్యలో పొట్టిగా, లావుగా నేను. నాకు అబద్ధం చెప్పడం రాదు. చాలా బాగుంది.

"బానే వచ్చిందే," అన్నాను.

ఆయన నిచ్చెన మీంచి గబుక్కున తిరిగారు. పడతారేమో అనుకున్నాను.

"మళ్ళీ నల్లబడిపోదూ? సముద్రం పక్కనే ఉందాయె," అన్నాను.

"పడుతుంది. పైన మైనంలాంటి పూత వెయ్యాలి. తెప్పిస్తున్నాను, వచ్చే వారం వస్తుంది."

"అందాకా ఇలా బోసిగా వదిలేస్తారా?"

మా ఇళ్ళల్లో నూనె రాయని వస్తువు లేదు. కొత్త పెనానికి నూనె, తలుపు బందుకి నూనె, కత్తిపీటకి నూనె, చంటిపిల్లకి నూనె, జ్వరమొచ్చి తగ్గిన మనిషికి నూనె. గాలి తగిలి చెడిపోతుందనిపిస్తే చాలు, మా అమ్మ చెయ్యి సీసా మీదికి పోయేది. నేను లోపలికెళ్ళి, ఊరి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె డబ్బా పట్టుకొచ్చాను. ఆయన నా చేతిలో డబ్బాని చూశారు. బండిని చూశారు. నోరు తెరిచారు. మళ్ళీ మూసేసుకుని, నిచ్చెన దిగి, తన పాత లుంగీలోంచి మెత్తటి ముక్క చింపి నా చేతిలో పెట్టారు.

గోడలు ఎత్తుగా ఉండటంతో పెరట్లో ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా అక్కర్లేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని పనిలోకి దిగాను. నేను అందినంత మేర కింద రాస్తే ఆయన నిచ్చెనెక్కి పైన రాశారు. రేకు ఇంకా గోరువెచ్చగా ఉంది, నూనె చక్కగా జారింది. పెరడంతా తలదువ్వుకున్న వాసన. ఎందుకో ఆ పూట ఇద్దరికీ మాటలొచ్చాయి. మా బళ్ళో లెక్కల పీరియడ్లో నిద్రపోయే కుర్రాడి గురించి చెప్పాను. ఆయన తన మొదటి ఏడు రంజాన్‌లో పగలు హోటళ్ళు మూసి ఉంటాయని తెలియక ఎలా మాడిపోయారో చెప్పారు. నాలుగేళ్ళలో నాకు తెలియని సంగతి అది. ఫోనులో "తిన్నాను" అని చెప్పిన రోజుల్లో ఎన్ని అబద్ధాలో అప్పుడు అర్థమైంది. కోపం రాలేదు. రేకు వైపు తిరిగి ఇంకాస్త నూనె రాశాను.

మరి రెండు రోజులకి శమాల్ వచ్చింది. వేసవిలో ఉత్తరం నుంచి ఎడారినంతా మోసుకుంటూ వచ్చే గాలి అది. పొద్దున్న కిటికీ తెరిస్తే ఆకాశం శనగపిండి రంగులో ఉంది. తలుపుల కింద తడిగుడ్డలు కుక్కి, రోజంతా లోపలే ఉన్నాం. ఆయన ఆ రోజు డ్యూటీ నుంచి తొందరగా వచ్చేశారు. గాలి హోరు తగ్గాక పెరట్లోకి వెళ్ళి చూద్దును గదా, బండికి పాలిష్ చేసిన పక్కంతా పిండిలో ముంచి తీసిన బజ్జీలా ఉంది. కిందనుంచి పైదాకా, ఎక్కడ నూనె ఉందో అక్కడంతా ఇసుక అంటుకుపోయింది. పాలిష్ చెయ్యని పక్క మాత్రం ఎప్పటి మురికితో అప్పటిలాగే, నన్ను చూసి నవ్వుతున్నట్టు ఉంది.

ఒళ్ళంతా నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా అంటేదే అంటుతుంది అని మనవాళ్ళ సామెత. ఆ సామెత కట్టిన మహానుభావుడు ఎవరోగానీ సౌదీ అరేబియా చూడలేదు.

పైనుంచి హైదరాబాదీ అన్నగారు పిట్టగోడ మీదికి వంగి చూశాడు. "యా అల్లా! గిదేంది భాభీ, బండికి మెహందీ వెట్టిన్రా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. గుడ్డ పట్టుకుని గబగబా వెళ్ళి తుడవబోయాను. వెనకనుంచి ఒక కేక వినిపించింది.

"చెయ్యి తియ్యి!"

మా ఆయనే. ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. పైనున్నాయన తల కూడా లోపలికి వెళ్ళిపోయింది.

"తుడవకు. ఇసుక మీద గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితంతో గీకినట్టే. రేకు మొత్తం గీతలు పడిపోద్ది," అన్నారు కొంచెం తగ్గి.

"అయితే ఇసుక అంటుకుంటుందని మీకు ముందే తెలుసా?"

ఆయన నా చేతిలో గుడ్డ తీసేసుకున్నారు.

"శమాల్ వచ్చే రోజులని తెలుసా?"

"తెలుసు."

"పొద్దస్తమానం చేసే ఉద్యోగమే పూతలు చూడటం కదండీ! నేను నూనె డబ్బా తెస్తుంటే ఒద్దే పిచ్చిదానా అని ఒక్క ముక్క అనలేకపోయారా? పైగా లుంగీ చింపిచ్చారు!"

ఆయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. తర్వాత నెమ్మదిగా, బండితో చెబుతున్నట్టు, అటే చూస్తూ అన్నారు. "వచ్చిన కాణ్ణించీ ఆ కిటికీలోంచి చూడటమే గానీ నువ్విటు రాలేదు. ఆ రోజే నీ అంతట నువ్వొచ్చి చెయ్యేశావు. వద్దంటే మళ్ళీ లోపలికెళ్ళిపోతావేమోనని..."

"అందుకని పాడైపోతుందని తెలిసీ రాయనిచ్చారా?"

"పాడైతే మళ్ళీ పాలిష్ చేసుకోవచ్చు," అన్నారు.

కోపం ఉన్నచోటే ఉంది, కానీ దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. వారాల తరబడి ఒక్కో రివెట్టూ రుద్దిన మనిషి, నేనొక్క సాయంత్రం పక్కన నిలబడతానని ఆ పనంతా వదులుకోడానికి సిద్ధపడ్డారు. ఇది ప్రేమ కాదంటే నా అంత గుడ్డిది ఉండదు. కానీ ప్రేమని ఇలా నోరుమూసుకుని చూపిస్తే అవతలివాళ్ళకి ఎలా తెలియాలండీ? ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ చాలాసేపు ఆలోచించాను. నూనె గురించి నాతో ఒక్క మాట అనలేని మనిషి, ఉద్యోగం వదిలేసి ఉండిపొమ్మని నన్ను ఎప్పటికి అడుగుతారు?

శుక్రవారం వరకూ ఎవరం బండి జోలికి పోలేదు. శుక్రవారం పొద్దున్న శుభ్రం చెయ్యడానికి దిగాం. ముందు తీపినీళ్ళు పైనుంచి సన్నధారగా వదిలాం, ఎక్కడా చెయ్యి తగలకుండా. ఇసుక చాలా వరకూ జారిపోయింది. పప్పుకి తక్కువైతే అయిందని ఈసారి కేన్లు నేనే మోసుకొచ్చాను. నూనె జిడ్డు మాత్రం వదల్లేదు. సబ్బు వేద్దామా అని ఆయన ఆలోచిస్తున్నారు.

"తలంటుకి సబ్బేంటి?" అన్నాను.

నూనె పెట్టడం తెలిసిన వాళ్ళకి నూనె వదిలించడం కూడా తెలుస్తుంది. ఇంట్లో ఉన్న శనగపిండి చాలదు. పై వాటా ఆవిణ్ణి అడిగితే బుట్టకి తాడు కట్టి ఒక పెద్ద పొట్లం దింపింది. "భాభీ, పకోడీలు అయినంక మాకు గూడ పంపున్రి!" అని మొగుడు గారి గొంతు వెనకనుంచి. పొడి పిండిని మెత్తటి గుడ్డతో రేకు మీద అద్ది, జిడ్డు పీల్చాక ఊడ్చి, మళ్ళీ అద్ది, చివర నీళ్ళు పోశాం. పండగనాడు పిల్లలకి చేసినట్టే చేశాను. చెవుల వెనక, అంటే రివెట్ల చుట్టూ, నేనే చూసుకున్నాను. చేస్తూ "శ్రీరామరక్ష" కూడా అన్నాను, అలవాటు కొద్దీ. ఆయన నవ్వారు. పిండి పట్టుకుపోయిన చేత్తో నవ్వు దాచుకోబోయి మీసాలన్నీ పచ్చగా చేసుకున్నారు.

మధ్యాహ్నానికి బండి బయటపడింది. మేం చెయ్యి పెట్టకుండా నీళ్ళతోనే దింపడంతో గీతలు పెద్దగా పడలేదు. మూడు నాలుగు చోట్ల సన్నగా ఉన్నాయి. మళ్ళీ పాలిష్ చేస్తే పోతాయన్నారు.

ఆ తర్వాత నేను కిటికీ దగ్గర కూర్చోలేదు. సాయంత్రాలు రెండో పక్క నాది, మొదటి పక్క ఆయనది అని పంచుకున్నాం. నాకు మిషను పట్టుకోవడం కూడా వచ్చింది. ఎక్కువసేపు ఒకేచోట ఆపితే రేకు వేడెక్కిపోతుందనీ, ఊరికే గట్టిగా నొక్కినా లాభం లేదనీ తెలిసింది. లెక్కల టీచర్ని, రేకు రేకుకీ గళ్ళు ఊహించుకుని వరసగా చేసుకుంటూ పోయేదాన్ని. ఆయన పద్ధతి కంటే నా పద్ధతిలో తొందరగా అయ్యేది. ఈ మాట ఆయన ఒప్పుకోరు. బండి మెరుస్తున్న కొద్దీ వీసా గడువు కూడా దగ్గర పడుతోంది. తిరుగు టికెట్టు బీరువాలో ఉంది. దాని ఊసు ఇద్దరం ఎత్తలేదు.

మైనం పూత వచ్చింది. నూనెలాంటిది కాదు, రాశాక ఆరి పొడిగా అయిపోయే రకం. దుమ్ము వచ్చినా మీద నిలుస్తుందేగానీ అతుక్కోదు. పలచగా రాయాలి, తెల్లగా ఆరాక మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎండలో రాయకూడదు. అందుకని నేను వెళ్ళిపోవడానికి ముందున్న శుక్రవారం, తెల్లవారుజామున ఫజర్ నమాజుకి అజాన్ వినిపించగానే లేచి మొదలుపెట్టాం. ఒక్కో రేకే పూర్తిచేస్తూ, చివరికి తలుపు పక్క రేకు ఒక్కటీ మిగిలింది. ఆయన రాస్తున్నారు, నేను వెనకే తుడుస్తున్నాను. ఇంకో అరగంటలో బండి పనంతా అయిపోతుంది. ఇక మా ఇద్దరికీ కలిసి చెయ్యడానికి ఏ పనీ ఉండదు. అది తలుచుకోగానే నా పట్టుదల కాస్తా వదిలింది. అడగనని వచ్చినదాన్ని, ఆయన చేత అడిగిద్దామనుకున్నాను.

గుడ్డ ఆపేశాను.

"ఏవండీ, ఇంకో వారంలో నేను వెళ్ళిపోతాను."

"ఊఁ," అన్నారు, రాస్తూనే.

"వెళ్ళమంటారా, ఉండమంటారా?"

చెయ్యి ఆగింది. "నీ ఇష్టం."

"నా ఇష్టం నాకు తెలుసు. నేనడిగింది మీ సంగతి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీరు అడగనిదే నేనెందుకు పెడతాను?"

ఆయన చాలాసేపు ఆ ఒక్క చోటే రాస్తూ ఉండిపోయారు. అంత మందంగా రాయకూడదని నాకు చెప్పింది ఆయనే. చివరికి అన్నారు. "కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం నీది. మానేసి ఇక్కడ నాలుగు గోడల మధ్య కూర్చోమని నేనెలా అడుగుతాను? నేను అడిగితే నువ్వు కాదనలేవు. అందుకే అడగలేదు."

"మానెయ్యాలా, సెలవు పెంచుకోవాలా, ఇక్కడ బళ్ళు ఉన్నాయా లేవా అనేది నేను చూసుకునే లెక్క. మీకేం కావాలో అది చెప్పండి. నూనెప్పుడు చేసినట్టు చెయ్యకండి. తెలిసీ ఊరుకోకండి."

ఆ మాట ఎక్కడో తగిలింది. గుడ్డ కింద పెట్టారు. పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. నాకు ఆయన మీద జాలేసింది, అయినా సాయం చెయ్యలేదు. ఇందులో సాయం చేస్తే ఇక జన్మలో నేర్చుకోరు.

"నువ్వుండిపో," అన్నారు. "డ్యూటీ నుంచి వస్తుంటే ఇంట్లో లైటు కనబడుతోంది ఇప్పుడు. నువ్వెళ్ళాక మళ్ళీ నేనే వచ్చి వేసుకోవాలి. నావల్ల కాదు. ఉండిపోవే."

నాలుగేళ్ళలో ఆ మనిషి నన్ను అడిగిన మొదటి కోరిక అది. ఏడుస్తూనే తిట్టాను. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత సత్తు రుద్దాలా అని అడిగాను. ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఆరిపోతున్న మైనం సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఆ రేకు మీద మందంగా రాసిన మచ్చ తర్వాత ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన నా విజిట్ వీసా పొడిగించే పని మీద వెళ్ళడానికి, నేను వచ్చాక మొదటిసారి, డ్యూటీకి సెలవు పెట్టారు. తయారై, పాస్‌పోర్టులు తీసుకుని, గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చారు. ఏదో మర్చిపోయారనుకున్నాను.

"అది కాదు," అన్నారు తలొంచుకుని. "నిన్ను అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. చాలా ఉన్నాయి. సాయంత్రం అడగనా?"

"సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడే అడగండి," అన్నాను.

ఆయన బండి మెట్టు మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఆ రోజు పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళేసరికి కౌంటరు మూసేశారు.